నీరే తొలి సుగంధం

ఎండలు ముదిరే రోజుల్లో మా మద్రసా విద్యార్థుల తల్లిదండ్రుల నుండి ఏటా ఒక ప్రశ్న వస్తుంది. "హజ్రత్, ఈ ఎండలో పగటిపూట పిల్లవాడికి ఏ అత్తరు కొనిపెట్టమంటారు? పండుగకు కొన్న ఊద్ రాసుకుంటే తలనొప్పి వస్తోందంటున్నాడు. తేలికగా, చల్లగా, పచ్చని ఆకు వాసనలా ఉండేది ఏదైనా చెప్పండి" అని అడుగుతారు. మేము చాలా ఏళ్ళు "ఖస్ అత్తరు కొనండి" అని ఒక్క ముక్కలో జవాబిచ్చి పంపేవాళ్ళము. ఆ జవాబు తప్పు కాదు. అయితే అది సగం జవాబేనని కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి వెళ్ళే దారిలో ఒక హమాలీ యువకుడు మాకు నేర్పాడు. ముందు ఆ సంగతి మనవి చేసి, ఆ తరువాత అత్తరు విషయానికి వస్తాము.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం ఎల్లారెడ్డి ప్రాంతంలోని ఒక మసీదు ఇమాము గారు ఉమ్రాకు వెళ్ళారు. ఆ వేసవిలో నాలుగు శుక్రవారాలు అక్కడ జుమా బయాన్ చేసే బాధ్యత మాకు అప్పగించారు. ఉదయమే కామారెడ్డిలో బస్సెక్కి, తాడ్వాయి, లింగంపేటల మీదుగా చేరుకునేవాళ్ళము. అది యాసంగి వరి కోతలు ముగిసే కాలం. దారి పొడవునా రోడ్డు అంచుల్లో వడ్లు ఆరబోసి ఉండేవి. కొనుగోలు కేంద్రాల వద్ద హమాలీలు 40 కిలోల బస్తాలు నింపి, తూకం వేసి, కుట్టి, లారీలకు ఎత్తేవారు. ఎండ 40 డిగ్రీలు దాటిన వేళ, మెడ మీద, చేతుల మీద వడ్ల నూగు చెమటతో కలిసి అంటుకుంటే ఎంత దురదో ఆ పని చేసినవారికే తెలుస్తుంది. అజాన్ వినగానే వారిలో కొందరు ముఖం, కాళ్ళు, చేతులు కడుక్కుని నేరుగా మసీదుకు పరుగున వచ్చేవారు.

రెండవ శుక్రవారం నమాజు ముగిశాక ఇద్దరు పెద్దమనుషులు మా వద్దకు వచ్చి, "సఫ్‌లో నిలబడలేకపోతున్నాము హజ్రత్, చెమట వాసన భరించరానిదిగా ఉంది. బయాన్‌లో కొంచెం చెప్పండి" అని కోరారు. వారి మాటలో నిజముందని మాకూ అనిపించింది. మూడవ శుక్రవారం మేము వెల్లుల్లి, ఉల్లిపాయలు తిని ఆ వాసనతో మసీదుకు రావద్దన్న హదీసును ప్రస్తావించాము. మనుషులకు బాధ కలిగించేది దైవదూతలకూ బాధ కలిగిస్తుందని చెప్పాము. ఆ వెంటనే, చెమట వాసనతో వచ్చేవారి సంగతి కూడా అంతేనని మా సొంత మాట ఒకటి చేర్చాము. పెద్దమనుషులు తలలూపారు. బయాన్ బాగా కుదిరిందని మాకూ సంతృప్తి కలిగింది.

నాలుగవ శుక్రవారం చివరి వరుస పలచబడింది. బయాన్ ముగియగానే చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చే ఒక యువకుడు ఆ రోజు కనిపించలేదు. తిరుగు ప్రయాణంలో ఒక కొనుగోలు కేంద్రం ముందు లారీ అడ్డం రావడంతో మా బస్సు ఆగింది. కిటికీలో నుంచి చూస్తే అతడు బస్తాల పక్కన కూర్చుని ఉన్నాడు. దిగి వెళ్ళి పలకరించాము.

"బాబూ, జుమాకు రాలేదేమి?"

అతడు గబుక్కున లేచి, మాకు దూరంగా మూడడుగులు వెనక్కి వేశాడు. ఆ తరువాతే నోరు విప్పాడు. "పొద్దున ఆరు గంటల సంది వడ్లల్లనే ఉన్న హజ్రత్. ఇంటికి పోయి తానం చేసి వద్దామంటే ఊరు దూరం. మీరు చెప్పింది నిజమే కదా. పక్కోళ్ళకు తక్లీఫ్ ఎందుకని ఈడ్నే జొహర్ చదువుకున్న."

అతని స్వరంలో కోపం లేదు, ఫిర్యాదు లేదు. మా మాటను ఆదేశంగా భావించి పాటించాడు, అంతే. అతడు వేసిన ఆ మూడడుగులు మాత్రం ఇప్పటికీ మా కళ్ళ ముందు మెదులుతాయి. సుగంధం గురించి, శుభ్రత గురించి చెప్పబోయి, ఒక విశ్వాసిని జుమా నుండి దూరం చేశాము.

మదీనా ఎండలో చెప్పిన మాట

ఆ రాత్రి జుమా స్నానానికి సంబంధించిన హదీసుల అధ్యాయాలు మళ్ళీ తెరిచాము. ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన అధ్యాయాలే అవి. కాని ఈసారి వేరుగా కనిపించాయి.

హజ్రత్ ఆయిషా (రజి) గారి ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ప్రజలు తమ ఇళ్ళ నుండి, మదీనా శివారు పల్లెల నుండి జుమాకు వచ్చేవారు. దారి దుమ్ము మీద పడేది, చెమట కారేది. అలా వచ్చిన ఒక వ్యక్తిని చూసి మహాప్రవక్త (స), ఈ రోజు కోసం మీరు శుభ్రపరచుకుంటే ఎంత బాగుండును అన్నారు. వారు శ్రమజీవులని, తమ పనులు తామే చేసుకునేవారని కూడా ఆమె వివరించారు. సునన్ అబూ దావూద్‌లో హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) ఇదే నేపథ్యాన్ని ఇంకా వివరంగా చెప్పారు. ఆనాటి వారు ఉన్ని బట్టలు ధరించి, వీపుల మీద బరువులు మోసేవారు. మసీదు ఇరుకైనది, పైకప్పు తక్కువ ఎత్తులో ఉండేది. ఒక వేడి రోజున ఉన్ని బట్టల్లో చెమటలు కారి, ఆ వాసన ఒకరికొకరికి ఇబ్బందిగా మారింది. అప్పుడు మహాప్రవక్త (స), ఈ రోజు వచ్చినప్పుడు స్నానం చేయండి, మీకు లభించే వాటిలో మేలైన నూనెను, సుగంధాన్ని రాసుకోండి అని బోధించారు.

పాఠకులు ఇక్కడ మూడు విషయాలు గమనించాలి. మొదటిది, ఈ బోధ వెలువడిన సందర్భమే ఎండ, పగలు, చెమట, ఇరుకు చోటు. అంటే వేసవి పగటి సుగంధం గురించిన మన ప్రశ్నకు మూలం మదీనా మసీదులోనే ఉంది. రెండవది, చెమటతో వచ్చినవారిని రావద్దని అనలేదు. శుభ్రపరచుకుంటే బాగుండునని ఎంతో మృదువుగా అన్నారు. మూడవది, ముందు నీరు, తరువాతే సుగంధం. ఈ వరుస మారకూడదు.

వెల్లుల్లి తినడం మనిషి ఎంపిక. జుమాకు ముందు తినకుండా ఉండవచ్చు. కష్టపడి సంపాదించుకునేవాని చెమట అతని ఎంపిక కాదు. అది హలాల్ జీవనోపాధికి అంటుకుని వచ్చేది. ఇతరులను బాధించే వేరే వాసనలకూ ఈ నియమాన్ని విస్తరించిన ఫిఖహ్ పండితులు ఉన్న మాట నిజమే. అయినా నీళ్ళు, చోటు, వ్యవధి ఏర్పాటు చేయగలిగిన స్థితిలో ఉండి, అది చేయకుండా ముందు గద్దించడం ఆ మదీనా బోధకు తగినది కాదు. మా పొరపాటు అక్కడే జరిగింది.

మరొక ఉల్లేఖనంలో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), శుక్రవారం స్నానం చేసి, తన నూనె గాని, తన ఇంట్లో ఉన్న సుగంధం గాని రాసుకుని వెళ్ళేవారికి లభించే శుభవార్తను తెలిపారు. ఇంట్లో ఉన్నదే చాలు, కొని తేవలసిన అవసరం లేదన్నమాట. సహీహ్ ముస్లింలోని ఒక ఉల్లేఖనంలో అయితే, అది భార్య వాడుకునే సుగంధమైనా సరేనని ఉంది. జామె తిర్మిజీలోని హదీసు మరీ ముఖ్యమైనది. సుగంధం దొరకనివానికి నీరే సుగంధమని అందులో ఉంది. అత్తరు కొనలేని పేదవాడికి ఇంతకంటే గౌరవప్రదమైన మాట ఏముంటుంది?

చెమటకు వాసన ఎక్కడిది?

నీరు ముందు, సుగంధం తరువాత అన్న ఈ వరుసను వైద్యశాస్త్రం కూడా బలపరుస్తుంది. శరీరం నుండి అప్పుడే వెలువడిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చర్మం మీద, ముఖ్యంగా చంకల్లో ఉండే సూక్ష్మజీవులు దానిని విచ్ఛిన్నం చేసినప్పుడే దుర్వాసన పుడుతుంది. వెంట్రుకలు, తడి, గాలి ఆడని బట్టలు వాటికి అనుకూలం. చంకల వెంట్రుకలు తొలగించడం ప్రకృతిసిద్ధమైన శుభ్రతలో భాగమని, దానిని 40 రోజులకు మించి వాయిదా వేయరాదని మన ధర్మం ఎందుకు నిర్దేశించిందో ఆలోచించండి. కడగని చెమట మీద అత్తరు రాస్తే రెండు వాసనలూ కలిసి మూడవది పుడుతుంది. అది మొదటిదానికంటే దుర్భరం. కాబట్టి వేసవిలో అత్తరు సీసా కంటే ముందు సబ్బు, ఉతికిన నూలు బనియను, మిస్వాక్ సమకూర్చుకోవాలి.

వేరు గోధుమ రంగు, వాసన పచ్చన

ఇప్పుడు ఖస్ విషయానికి వద్దాము. ఖస్ అంటే మన తెలుగువారి వట్టివేరు. పేరులో పోలిక చూసి కొందరు గసగసాలతో ముడిపెడతారు గాని, రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఇది నీటి అంచుల్లో మనిషి ఎత్తుకు గుబురుగా పెరిగే ఒక గడ్డి. దీని ఆకుల్లో వాసన ఉండదు, పరిమళమంతా వేళ్ళలోనే ఉంటుంది. ఆ వేళ్ళు నిలువుగా రెండు, మూడు మీటర్ల లోతుకు దిగి మట్టిని గట్టిగా పట్టుకుంటాయి. అందుకే గట్లు కోసుకుపోకుండా ఈ గడ్డిని నాటే పద్ధతి అనేక దేశాల్లో ఉంది. సుగంధం కోసం సాగు చేసేవారు సుమారు ఏడాదిన్నర వయసున వేళ్ళు తవ్వుతారు. లక్నోలోని సీమాప్ పరిశోధన సంస్థ మెరుగైన వట్టివేరు రకాలను రూపొందించింది. ఆ సంస్థకు హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో కూడా ఒక కేంద్రం ఉంది.

ఖస్ షర్బత్ ఆకుపచ్చగా ఉంటుంది కాబట్టి, వేరు కూడా పచ్చగా ఉంటుందని మా చిన్న విద్యార్థులు అనుకునేవారు. ఒకసారి తరగతికి ఒక కట్ట తెచ్చి చూపాము. గోధుమ రంగులో, చిక్కుపడిన దారాల్లా ఉన్న ఆ కట్టను ముక్కుకు దగ్గరగా పెట్టుకుని నిరాశపడ్డారు. నీళ్ళు చిలకరించి మళ్ళీ ఇచ్చాము. అప్పుడు వారి ముఖాలు మారాయి. ఒక పిల్లవాడు, "కాలువ నీళ్ళు మొదటిసారి పొలంలోకి వదిలినప్పటి వాసన" అన్నాడు. మంజీర నది మీద 1923-1931 మధ్య కట్టిన నిజాం సాగర్ పరిసరాల పిల్లవాడు అతడు. అంతకంటే సరైన వర్ణన మేము ఏ అత్తరు దుకాణంలోనూ వినలేదు.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పట్టణం ఈ అత్తరుకు పుట్టినిల్లు వంటిది. అక్కడ నేటికీ పాత పద్ధతిలో తయారుచేసేవారు ఉన్నారు. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో వేళ్ళు, నీళ్ళు వేసి, మూతను మట్టితో మూసి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే మరో రాగి పాత్రలోకి చేరుతుంది. భప్కా నీటి తొట్టిలో ఉంటుంది కాబట్టి ఆవిరి చల్లబడి దిగుతుంది. భప్కాలో ముందే గంధపు నూనె పోసి ఉంచి, అందులోకి పరిమళాన్ని పట్టితే అది అత్తరు. ఏ నూనే కలపకుండా వేరు సారాన్నే తీస్తే అది రూహ్. 100 కిలోల ఎండు వేళ్ళ నుండి దిగే నూనె ఒక కిలోకు కొంచెం అటూ ఇటూ మాత్రమే. రూహ్ ఖస్ ఎందుకు ఖరీదో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. రాగి పాత్రలో తీయడం వల్ల దానికి సహజంగా లేత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. ఇనుము, స్టీలు పాత్రల్లో తీసినది గోధుమ, తేనె రంగుల్లో ఉంటుంది. కాబట్టి చిక్కని పచ్చరంగు ఖస్‌కు గుర్తు కాదు. చాలాసార్లు అది కలిపిన రంగు.

ఎండను చల్లబరచడానికి వట్టివేళ్ళను వాడడం కూడా పాత సంగతే. అక్బరు కాలంలో ఖస్ తడికెల గదులు కట్టి, వాటి మీద నీళ్ళు చల్లి చల్లదనం పొందేవారని అబుల్ ఫజల్ తన 'ఆయినె అక్బరీ'లో రాశాడు. వేడిగాలి తడి వేళ్ళ గుండా వచ్చేటప్పుడు నీరు ఆవిరై గాలి చల్లబడుతుంది. నేటి కూలర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు, 9వ శతాబ్దపు తత్వవేత్త అల్ కిందీ సుగంధాల తయారీ, బట్టీపట్టే పద్ధతుల మీద ఒక గ్రంథం రాసి, అందులో వందకు పైగా తయారీ విధానాలు చేర్చాడు. మన దక్కనులోనూ బీజాపూరు పాలకుడు రెండవ ఇబ్రాహీం ఆదిల్ షా కాలంలో సుగంధాల మీద 'ఇత్రె నౌరస్ షాహీ' అనే గ్రంథం వెలువడింది. పరిమళాన్ని మన పెద్దలు ఒక విద్యగా అభ్యసించారు.

ఎండకు ఏది, చలికి ఏది

వేడి పెరిగేకొద్దీ సుగంధం త్వరగా ఆవిరవుతుంది. డిసెంబరులో చేతికి రాసుకున్న ఒక్క చుక్క మనకు మాత్రమే తెలుస్తుంది. అదే చుక్క మే నెలలో, కిక్కిరిసిన బస్సులో పది మందికి తెలుస్తుంది. ఊద్, అంబర్, కస్తూరి, షమామా, హీనా వంటి బరువైన పరిమళాలను పాతకాలపు అత్తరు వ్యాపారులు చలికాలానికి కేటాయించింది అందుకే. ఖస్, గులాబ్, కేవడా, మల్లె, తడి మట్టి వాసన గల మిట్టీ అత్తరు వేసవివి. వీటిలో ఖస్‌కు ఒక ప్రత్యేకత ఉంది. నిమ్మ, నారింజ తొక్కల నూనెలు ఎండలో కొద్దిసేపటికే ఎగిరిపోతాయి. వట్టివేరు నూనె బరువైనది, నెమ్మదిగా ఆవిరవుతుంది. వాసన తేలికగా తోచినా జొహర్‌కు రాసుకున్నది అసర్ దాకా నిలుస్తుంది.

నేడు దుకాణాల్లో 'గ్రీన్', 'ఫ్రెష్' అన్న పేర్లతో అనేక సీసాలు దొరుకుతున్నాయి. కోసిన గడ్డి నుండి వచ్చే పచ్చి వాసనకు కారణం, ఆకు గాయపడినప్పుడు వెలువడే హెక్సెనాల్ వంటి పదార్థాలు. వాటిని ప్రయోగశాలలో తయారుచేసి కలుపుతారు. ఇరాన్ పర్వత ప్రాంతపు మొక్క జిగురైన గాల్బనం కూడా ఈ పచ్చి వాసనకు వాడతారు. కృత్రిమమైనంత మాత్రాన అది నిషిద్ధం కాదు. అయితే కృత్రిమమైన దానిని అసలు రూహ్ అని చెప్పి అమ్మడం మోసం. గంధపు నూనె ప్రియం కావడంతో పారాఫిన్ వంటి చవక నూనెల్లో కలిపి అమ్మేవారున్నారు. వ్యాపారం చేసే సోదరులు సీసాలో ఉన్నదేమిటో ఉన్నది ఉన్నట్లు చెబితే, తక్కువ ధర సరుకులోనూ బరకత్ ఉంటుంది.

అత్తరు కొనే స్తోమత లేనివారికి మరొక మార్గం ఉంది. పన్సారీ దుకాణంలో గుప్పెడు వట్టివేళ్ళు కొని, బాగా కడిగి, పలుచని గుడ్డలో కట్టి మంచినీళ్ళ కుండలో వేయండి. మరో కట్టను ఆరబెట్టి ఉతికిన బట్టల మధ్య పెట్టండి. వాసన తగ్గితే ఎండబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు.

రాసుకునేటప్పుడు

ఒక్క చుక్క చాలు. మణికట్టు మీద గాని, చొక్కా కాలరు లోపలి వైపున గాని రాసుకోవాలి. దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకోవడం మన పెద్దల అలవాటు. పురుషుల సుగంధానికి వాసన తెలియాలి, రంగు తెలియకూడదని హదీసు చెబుతోంది. రంగు కలిపిన పచ్చ అత్తరును తెల్ల జుబ్బా మీద పూసుకుని మరక చేసుకునే యువకులు ఈ మాట గుర్తుంచుకోవాలి. కొనే ముందు ఒక చుక్కను తెల్ల కాగితం మీద వేసి చూస్తే రంగు సంగతి తెలిసిపోతుంది.

నిమ్మ, బెర్గామోట్ వంటి తొక్కల నూనెలు కలిసిన సుగంధాన్ని చర్మం మీద రాసుకుని ఎండలోకి వెళితే కొందరికి ఆ చోట కమిలి, నల్లమచ్చలు పడతాయి. వాటిని బట్టలకే పరిమితం చేయడం మేలు. ఉబ్బసం ఉన్నవారి పక్కన, పసిబిడ్డల దగ్గర, తలుపులు మూసిన కారులో స్ప్రే కొట్టడం సబబు కాదు. చెమట వాసనతో పక్కవారిని బాధించడం ఎలాగో, అత్తరు ఘాటుతో బాధించడమూ అలాగే. మా బయాన్ రోజున ఫిర్యాదు చేసిన పెద్దమనిషి పూసుకున్న అంబర్ వాసనకు అదే వరుసలోని ఒక వృద్ధుడు నమాజంతా దగ్గుతూనే ఉన్న సంగతి మాకు తరువాత గుర్తుకొచ్చింది. ఆ వృద్ధుడు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు.

కొన్ని ధర్మ మర్యాదలు

సోదరీమణులు ఇంట్లో, భర్త సమక్షంలో, స్త్రీల మధ్య సుగంధం వాడుకోవచ్చు. పరపురుషులకు తెలిసేలా పూసుకుని బయటికి వెళ్ళడాన్ని మహాప్రవక్త (స) వారించారు. మసీదుకు వచ్చే స్త్రీలకూ ఇదే ఆదేశం. స్నానం, శుభ్రమైన బట్టలు అందరికీ సమానమే. భర్త మరణించి ఇద్దత్‌లో ఉన్న స్త్రీ, ఇహ్రాం ధరించిన హాజీలు సుగంధానికి దూరంగా ఉండాలి. ఇహ్రాం సంకల్పానికి ముందు శరీరానికి రాసుకోవడం మాత్రం సున్నత్. రమజానులో అత్తరు రాసుకున్నా, వాసన చూసినా ఉపవాసం భంగం కాదు. అగరు, లోబాన్ పొగను కావాలని లోపలికి పీల్చడం మానుకోవాలి.

ఆల్కహాలు కలిసిన స్ప్రేల గురించి పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ద్రాక్ష, ఖర్జూరాల నుండి తీయని ఆల్కహాలును పైపూతగా వాడడాన్ని హనఫీ పండితుల్లో అనేకులు అనుమతించారు. జాగ్రత్త కోరేవారికి ఆల్కహాలు లేని అత్తరు ఉండనే ఉంది. వాడే సోదరుని మీద తీర్పు చెప్పవద్దు.

ఎవరైనా రైహాన్ ఇస్తే కాదనవద్దని, అది మోయడానికి తేలిక, వాసనకు మేలైనదని మహాప్రవక్త (స) బోధించారు. దివ్య ఖుర్ఆన్‌లోని 'అర్రహ్మాన్', 'అల్ వాఖియా' సూరాల్లో రైహాన్ ప్రస్తావన ఉంది. సువాసన గల పచ్చని మొక్కలకు అరబ్బులు వాడే పేరది. ప్రత్యేకించి, ఇఫ్తార్ షర్బత్‌లో మనం వేసుకునే సబ్జా గింజల నిచ్చే మొక్క ఆ కోవలోదే. అంటే పచ్చని, తేలికైన వాసనను ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ మనకు నేర్పిన మర్యాదలే.

ఆ మసీదులో ఇప్పుడు

ఇమాము గారు ఉమ్రా నుండి తిరిగివచ్చాక, వారి అనుమతితో మేము మరొక శుక్రవారం అక్కడికి వెళ్ళాము. మునుపటి బయాన్‌లో చెమట గురించి మేము చేర్చిన మాట మా పొరపాటని అందరి ముందు చెప్పాము. నమాజు తరువాత కమిటీ వారితో కూర్చున్నాము. వుజూఖానా పక్కన గోడ కట్టి రెండు స్నానాల గదులు, ఒక నీళ్ళ ట్యాంకు ఏర్పాటు చేయాలన్నది మా విన్నపం. వేసవిలో బోరు నీళ్ళు వుజూకే చాలడం లేదని ఒకరు, ఖర్చు ఎవరు భరిస్తారని మరొకరు అడిగారు. అవి న్యాయమైన ప్రశ్నలే. ఫిర్యాదు చేసిన ఇద్దరిలో ఒకరు ట్యాంకు తన వంతు అన్నారు. రెండవవారు ఏమీ మాట్లాడలేదు. పని పూర్తి కావడానికి మరుసటి వేసవి వచ్చింది. కేంద్రంలో పనిచేసే వారికి వీలుగా జమాఅత్ సమయాన్ని పావుగంట వెనక్కి జరిపారు. గదిలో సబ్బు, ఉతికిన లుంగీలు కొన్ని పెట్టారు. తలుపు దగ్గర చిన్న ఖస్ అత్తరు సీసాతో ఒక పిల్లవాడు నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరి చేతి వెనుక ఒక చుక్క రాస్తాడు. పేద, ధనిక అన్న తేడా లేకుండా అందరి చేతికీ అదే సీసా.

ఆ యువకుడు తిరిగి వచ్చాడు. స్నానం చేసి, చెయ్యి చాపి అత్తరు రాయించుకుంటాడు. కాని ఇప్పటికీ చివరి వరుసలోనే, తలుపు పక్కనే నిలబడతాడు. ముందు చోటు ఉందని పిలిస్తే నవ్వి, "ఈడ గాలి మంచిగుంటది హజ్రత్" అంటాడు. ఒక బయాన్‌తో అతడు వేసిన మూడడుగులను ఇంకొక బయాన్‌తో వెనక్కి రప్పించలేకపోయాము.

కాబట్టి ఈ వేసవిలో పిల్లవాడికి ఏ అత్తరు కొనమంటారని అడిగే తల్లిదండ్రులకు ఇప్పుడు మేము ఇలా జవాబిస్తున్నాము. ఖస్ కొనండి, చిన్న సీసా చాలు. దానితో పాటు ఒక సబ్బు కొనండి. పిల్లవాడికి అత్తరు రాసేటప్పుడు, ఇది నీకోసం కాదు, నీ పక్కన నిలబడేవానికోసం అని చెప్పండి. పక్కవాని వద్ద చెమట వాసన వస్తే ముఖం తిప్పుకోకుండా, భుజం దగ్గరగా చేర్చి నిలబడమని నేర్పండి. నమాజయ్యాక సీసా మూత తీసి అతని చేతికీ ఒక చుక్క రాయమనండి.

అల్లాహ్ మన శరీరాలను నీటితో, మన మాటలను మృదుత్వంతో శుభ్రపరచుగాక. మన మాట వల్ల ఎవరూ ఆయన గృహానికి దూరం కాకుండా కాపాడుగాక. ఆమీన్.